జలగతల్లి జోల

పూతిసరస్సుకు సరస్సు అని పేరు పెట్టినవాడు దాన్ని ఏ కొండ మీది నుంచో చూసి ఉంటాడు. దగ్గరికి వచ్చినవాడెవడూ ఆ మాట వాడడు.

ఒకప్పుడు అక్కడ తెల్లకలువలు విరబూసేవనీ, గంధర్వ కన్యలు దిగివచ్చి జలకాలాడేవారనీ ముసలివాళ్ళు చెబుతారు. ఇప్పుడా నీటి మీద పచ్చని మీగడ కట్టి ఉంది. మీగడ కింద ఏదో ఊపిరి తీస్తున్నట్టు అక్కడక్కడ బుడగలు లేచి, ఉబ్బి, చప్పుడు చేస్తూ పగులుతున్నాయి. పగిలిన ప్రతి బుడగ నుంచీ మురిగిన గుడ్డు కంపు. తెల్లని పొట్టలు పైకి పెట్టి తేలుతున్న చేపల మీద ఈగలు నల్లని దుప్పటిలా పరుచుకున్నాయి. గట్టున మొలిచిన తుంగ కూడా ఆ కంపు భరించలేక తల పక్కకు తిప్పుకున్నట్టు ఒకే వైపు ఒరిగి ఉంది.

ఆ రొచ్చులో తెప్ప మీద నిలబడి, గడకర్రతో నెట్టుకుంటూ పోతున్న మాచనకు వాంతుల మీద వాంతులయ్యాయి. ఇక కక్కడానికి కడుపులో పసరు తప్ప మరేమీ మిగల్లేదు.

మాచన హేలాపురి అశ్వదళానికి నాయకుడు. యుద్ధభూమిలో ముఖం నిండా నెత్తురు చిందినా వెనుదిరగని వీరుడే. కానీ విస్తరి మీద ఈగ వాలితే అన్నం వదిలి లేచిపోయే మనిషి. పూటపూటకూ స్నానం, ఉతికిన బట్ట, వేపపుల్లతో ముప్పొద్దులా పళ్ళు తోముడు. చాటున సైనికులు అతన్ని 'మడి నాయకుడు' అని నవ్వుకునేవారు. అలాంటివాణ్ణి ఈ మురికికూపంలోకి ఈడ్చుకొచ్చింది ఒక కలువపువ్వు.

ఎవడో పరదేశి వర్తకుడు కొలువుకు వచ్చి, రాజు రణంజయుడికి ఆ పువ్వును కానుకగా ఇచ్చాడు. రాజు వాసన చూశాడో లేదో, రేకుల మధ్య నుంచి నల్లని జలగ ఒకటి ఎగిరి ఆయన మెడకు కరుచుకుంది. కత్తి దాన్ని కోయలేదు. నిప్పు దాన్ని కాల్చలేదు. ఉప్పు చల్లితే ఇంకాస్త బలిసింది. రాజు ముఖం రోజురోజుకూ సున్నం కొట్టిన గోడలా పాలిపోతుంటే, మెడ మీద జలగ మాత్రం వంకాయలా నిగనిగలాడుతోంది. "ఇది బురదకోటలోని మాంత్రికుడు జలూకనాథుడు పెంచే జలగతల్లి పిల్ల. ఆ తల్లి గొంతులో ఒక మణి ఉంటుంది. అది తాకిస్తేనే ఇది రాలుతుంది" అన్నాడు ఆస్థాన వైద్యుడు. "నేను తెస్తాను ప్రభూ" అని మాచన ముందుకు దూకాడు. గొంతు ఎవరిదో, అందులో చెయ్యి ఎలా పెట్టాలో అప్పుడు ఆలోచించలేదు.

తెప్ప ఆగింది. ఎదురుగా బురదకోట.

దానికి రాయి లేదు, ఇటుక లేదు. ఆకాశం దాకా లేచిన గోడలన్నీ పచ్చి బురదే. జలుబు చేసిన పసివాడి ముక్కులా అవి ఎప్పుడూ కారుతూనే ఉన్నాయి. కానీ కూలవు. బురదలో వేలాది జలగలు నరాల్లా అల్లుకుని మెలికలు తిరుగుతున్నాయి. మాచన చింకిపాత నడుముకు బిగించి, ముఖానికి మసి పూసుకుని, కళ్ళు సగం మూసి ద్వారం దాటాడు.

లోపల ఎత్తైన పీట మీద జలూకనాథుడు కూర్చుని ఉన్నాడు. నీళ్ళలో నానిన శవంలా ఉబ్బిన ఒళ్ళు. ఒడిలో పళ్ళెం నిండా వేయించిన కప్పకాళ్ళు. ఎడమచేత్తో ఒక్కొక్కటే నోట్లో వేసుకుని కరకరమని నములుతూ, జిడ్డు వేళ్ళను గడ్డానికి తుడుచుకుంటున్నాడు. కుడిచేతిలో జపమాల చకచకా తిరుగుతోంది. ఆ పూసలు రుద్రాక్షలు కావు, మనుషుల పళ్ళు. కాలి బొటనవేలు నేల మీద టపటపమని తాళం వేస్తోంది. ఇన్ని పనులు ఒకేసారి చేస్తూనే అతను మాట్లాడుతున్నాడు.

"ఎవడ్రా నువ్వు?"

"గొగ్గన అంటారు సామీ. గుర్రాల దొంగను. హేలాపురిలో ఉరి తీయబోతుంటే తప్పించుకుని వచ్చా."

"నువ్వు చస్తే ఏడ్చేవాళ్ళున్నారా?"

"పండగ చేసుకునేవాళ్ళున్నారు సామీ."

మాంత్రికుడు పడీపడీ నవ్వాడు. నోట్లోని కప్పతునకలు మాచన రొమ్ము మీద చిందాయి. మాచన వాటిని తుడుచుకోలేదు. తుడుచుకోవాలని చెయ్యి తహతహలాడింది, పళ్ళు బిగబట్టి ఆపుకున్నాడు.

"నాకు ఊడిగం చేసేవాడు కావాలి" అన్నాడు జలూకనాథుడు. "నా తల్లి దోనెలో నిద్రపోతుంటుంది. కుడిచేత్తో అంబలి తెడ్డు తిప్పాలి. ఆగితే పైన తొరక కట్టి ఆమెకు ఊపిరాడదు. నోటితో జోల పాడాలి. ఆగితే ఆమె లేస్తుంది. ఆమె ఎప్పుడు నోరు తెరిస్తే అప్పుడు ఎడమచేత్తో కొవ్వుముద్ద వెయ్యాలి. ఆలస్యమైతే చెయ్యి పోతుంది. మూడూ ఒక్క మనిషే చెయ్యాలి. ఒకేసారి ఇద్దరి చెమట వాసన తగిలితే ఆమెకు పడదు."

"ఇంతకుముందు చేసినవాళ్ళు ఏరి సామీ?"

మాంత్రికుడు జపమాలను పైకెత్తి గలగలలాడించాడు.

సరిగ్గా అప్పుడే అతనికి తుమ్ము వచ్చింది. చెవులు చిల్లులు పడే తుమ్ము. ఒక్క క్షణం జపమాల ఆగింది, కాలివేలు ఆగింది. వెంటనే మాచన వెనక గోడ మూర నిడివి జారి దభేలున కింద పడింది. బయట కందకంలో జలగలు వడగళ్ళలా ఎగిరెగిరి పడిన చప్పుడు వినిపించింది. జలూకనాథుడు ముక్కు చీది, మళ్ళీ పూస నెట్టాడు, వేలు ఆడించాడు. గోడ నిలిచింది, చప్పుడు సద్దుమణిగింది.

'పూసలు గోడలను నిలబెడుతున్నాయి. కాలివేలు జలగలను అణచి ఉంచుతోంది' అని మాచన గ్రహించాడు. గ్రహించనివాడిలా నోరు వెళ్ళబెట్టి నిలబడ్డాడు.

"అమావాస్య దాకా తల్లిని నేనే మంత్రంతో నిద్రపుచ్చి ఉంచుతా. ఆలోగా నేర్చుకో. ఎల్లసాని నేర్పుతుంది" అని మాంత్రికుడు చేయి విసిరాడు.

ఎల్లసాని నడివయసు మనిషి. బక్కపలచన, కానీ పగ్గంలా గట్టి. ఎడమచెయ్యి మణికట్టు దగ్గర ఆగిపోయింది. ఆమె మాచనను పాడుబడిన వసారాలోకి తీసుకెళ్ళి, తలుపు మూసి, అతని చేతులు పట్టుకుని తిప్పి చూసింది.

"గుర్రాల దొంగవా? గోళ్ళు ఇంత శుభ్రంగా ఉన్న దొంగను నేనెక్కడా చూడలేదు. నిజం చెప్పు తమ్ముడూ. చెప్పకపోతే అరుస్తా."

మాచన నిజం చెప్పాడు.

"హేలాపురి మేళంలో నేను మద్దెల వాయించేదాన్ని" అంది ఎల్లసాని. "ఊళ్ళు తిరుగుతుంటే వీడు మా మేళాన్నంతా ఎత్తుకొచ్చాడు. ఆ దోనె దగ్గర ఊడిగం చేసి, ఒక చెయ్యి పోగొట్టుకుని, అందరిలోకీ నేనొక్కదాన్నే మిగిలా. వాళ్ళ పళ్ళు వాడి చేతిలో తిరుగుతున్నాయి. నేర్పుతాను. మణి తియ్యి. నన్నూ బయటికి తియ్యి."

"మాటిస్తున్నా అక్కా."

"మాట తరవాత. ముందు తెడ్డు పట్టు."

వసారాలో ఖాళీ దోనె ఉంది. దాని నిండా కుళ్ళిన చేపలూ, ముక్కిన తవుడూ కలిపి కాచిన అంబలి. తెడ్డు కదిలించగానే అడుగు నుంచి లేచిన ఆవిరి మాచన ముఖానికి కొట్టింది. ఆ కంపు ముక్కుతో ఆగలేదు. నాలుక మీదికి దిగి అక్కడే కూర్చుంది. ఎల్లసాని జోల ఎత్తుకుంది.

"నీటిలోని నల్లనమ్మా జోజో
నిదరపోవే చల్లనమ్మా జోజో"

పాట సులువే. తెడ్డూ సులువే. రెండూ కలిపితేనే ప్రాణం పోయింది. పాట మూడు దెబ్బల నడక, తెడ్డు నాలుగు దెబ్బల నడక. మాచన పాడుతుంటే తెడ్డు పాట వెనక పరుగెత్తేది. తెడ్డును సరిచేస్తే పాట ముక్కలయ్యేది. ఈ రెంటి మధ్య ఎల్లసాని "నోరు తెరిచింది!" అని కేకేస్తే, కొవ్వుముద్ద దోనెలో పడకుండా అతని కాలి మీదో, ఒకసారి అతని నోట్లోనో పడేది. అప్పుడు అతను తెడ్డు వదిలి మూలకు పరుగెత్తేవాడు. ఆమె వెదురుబద్దతో పిక్కల మీద వాయించేది.

"అక్కా, ఇది మనుషుల వల్ల అయ్యే పని కాదు. మనసును మూడు ముక్కలు ఎలా చెయ్యను?"

"ఎవడు చెయ్యమన్నాడు? మనసు దారం పోగులాంటిది. ఒకసారికి ఒక్క సూదిలోనే దూరుతుంది."

"మరి నువ్వు మూడు పనులు ఎలా చేసేదానివి?"

"నేను చేసింది ఒక్కటే పని, కొవ్వు వెయ్యడం. పాట గొంతు పాడుకునేది, తెడ్డు భుజం తిప్పుకునేది. వాటితో నాకేం పని?" అంది ఎల్లసాని. "ముందు పాటొక్కటే పాడు. విసుగు పుట్టేదాకా, విసుగు చచ్చిపోయేదాకా పాడు. ఆ తరవాత తెడ్డు."

మాచన పాడాడు. నిద్ర లేస్తూ పాడాడు, ఆ కంపు కొట్టే గంజి తాగుతూ పాడాడు. గొంతు బొంగురుపోయినా పాడాడు. తరవాత పాట మానేసి తెడ్డు తిప్పాడు. భుజాలు వాచాయి. అరచేతుల బొబ్బలు చిట్లి, ఆ పుండ్లలో అంబలి పడి చీము పట్టింది. తన చేతులను తానే చూసుకోలేక ముఖం తిప్పుకునేవాడు. ఆ తరవాత రెండూ కలిపితే మళ్ళీ తడబాటు, మళ్ళీ వెదురుబద్ద.

ఇలా సాగుతుండగా, ఒక మధ్యాహ్నం ఎల్లసాని దోనె అంచున చతికిలబడి అంది. "హేలాపురి గుర్రాలు ఎందుకూ పనికిరావట కదా. గాడిదలే నయమని మా మేళం వాళ్ళు అనేవారు."

మాచనకు ఒళ్ళు మండింది. మా బూడిదరంగు జాతి గుర్రాలు నదిని ఎదురీదగలవు, వాటి డెక్కలు రాతి మీద కూడా జారవు అని మనసులోనే వాదన మొదలుపెట్టాడు. ఏ గుర్రం తల్లి ఏది, ఏది ఏ యుద్ధంలో ముందు నడిచింది అని తలుచుకుంటూ పోయాడు. అంతలో ఎల్లసాని ముసిముసిగా నవ్వడం కనిపించింది. ఎందుకు నవ్వుతోందా అని చూస్తే, తన గొంతు జోల పాడుతోంది. తన కుడిచెయ్యి తెడ్డు తిప్పుతోంది. ఎడమచెయ్యి అప్పుడే కొవ్వుముద్ద వేసి వెనక్కి వచ్చింది. మూడూ వాటంతట అవే నడుస్తున్నాయి!

'ఎలా తిప్పుతున్నాను?' అని మాచన తన చేతి వంక చూశాడు. మణికట్టు ఎటు వంగుతోంది, భుజం ఎప్పుడు లేస్తోంది అని గమనించబోయాడు. అంతే. తెడ్డు దోనె గోడకు కొట్టుకుంది. పాట గొంతులో చిక్కుకుంది.

ఎల్లసాని పకపకా నవ్వింది. "చేతికి అప్పజెప్పిన పనిని మళ్ళీ తొంగిచూడకూడదురా! నిండు కొలువులో నాకూ ఇదే అయింది. మద్దెల మంచి జోరు మీద ఉండగా, ఎవరో 'అబ్బ, ఆ ఉంగరపు వేలు చూడండి' అన్నారు. నేనూ చూశా. దెబ్బ తప్పింది. మేళమంతా కుప్పకూలింది. పుట్టి బుద్ధెరిగాక అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు."

ఆ పూట మాచన గంజి తాగి, చెయ్యి నాకి, నిద్రకు ఒరిగాక గుర్తొచ్చింది, తాను చెయ్యి కడుక్కోలేదని. చీమూ అంబలీ అంటిన చేతిని నోట్లో పెట్టుకున్నాడు, కంపు తెలియనేలేదు. అలవాటు చేతులకు పని నేర్పింది, సరే. ముక్కుకు కూడా నేర్పేసింది! ఆ సంగతి తట్టగానే, అంతవరకు పుట్టిన రోత అంతా కలిపినా సరిపోనంత రోత అతనికి తన మీదనే పుట్టింది. లేచి వెళ్ళి, తోలుతిత్తిలోని తాగే నీళ్ళన్నీ చేతుల మీద గుమ్మరించుకున్నాడు.

అమావాస్య వచ్చింది. పొద్దు నడినెత్తికి ఎక్కగానే జలూకనాథుడు అతన్ని నడిమి మందిరానికి రప్పించాడు.

అక్కడ మహావృక్షం మానును తొలిచి చేసిన పెద్ద దోనె. పది గుర్రాలు పట్టేంత పెద్దది. అంబలిలో చుట్టలు చుట్టుకుని జలగతల్లి పడుకుని ఉంది. నల్లని, జిగట, వెన్నెముక లేని కొండచిలువ అనుకోవచ్చు. ఊపిరి తీసినప్పుడల్లా ఒళ్ళంతా అలలు అలలుగా సాగి ముడుచుకుంటోంది. చర్మం మీద జిగురు తీగలు తీగలుగా సాగి తెగుతోంది. ఎల్లసాని తన చెమట వాసన తగలకుండా ఒళ్ళంతా బురద మెత్తుకుని గడప దగ్గర నక్కింది.

మాంత్రికుడు చిటిక వేసి తన మంత్రం విరమించాడు. "ఊఁ. కానీ!"

మాచన పాట ఎత్తుకున్నాడు. తెడ్డు కదిలింది. జలగతల్లి నోరు తెరిచింది. నోరంటే పెదవులు కావు, మూడు రంపాలు కలిసిన గుండ్రని గుంట. దాని లోపల, చాలా లోతున, నీలంగా ఏదో మెరిసింది. మణి! మాచన కొవ్వుముద్ద వేశాడు. నోరు మూసుకుంది. మళ్ళీ తెరిచింది, మళ్ళీ వేశాడు. గొంతు దాని పాట అది పాడుతోంది. భుజం దాని తెడ్డు అది తిప్పుతోంది. మాచన మనసు మొత్తం ఆ నీలి మెరుపు మీదే ఉంది.

జలూకనాథుడు దోనె చుట్టూ తిరుగుతూ చూశాడు. అతని కనుబొమలు ముడిపడ్డాయి. ఇంత తొందరగా నేర్చినవాడు అతనికి ఇంతవరకు తగల్లేదు.

"బాగుందిరా గొగ్గా. ఇప్పుడు చెయ్యి మార్చు. ఎడమచేత్తో తెడ్డు, కుడిచేత్తో కొవ్వు."

మాచన ఎడమచెయ్యికి తెడ్డు కొత్త. పట్టుకోగానే అది అడ్డదిడ్డంగా ఈడ్చింది. దాన్ని సరిచేయబోతే జోల గొంతులో వణికింది. జలగతల్లి ఒళ్ళు జలదరించింది. ఒక చుట్ట విప్పుకుని అంబలి పైకి లేచింది. అటు తెడ్డు, ఇటు నోరు. రెండూ కొత్త పనులే, ఉన్నది ఒక్క మనసు. ఏదో ఒకటి వదలాలి.

కొవ్వు వెయ్యడం వదిలేశాడు. తెరుచుకున్న నోటికి తన కుడిచేతినే అందించాడు.

మూడు రంపాలు మోచేతి మీద బిగుసుకున్నాయి. నొప్పి లేదు. అదే ఘోరం. నొప్పి ఉంటే భరించేవాడు. చల్లని, మెత్తని, తడి పెదవి లాంటిదేదో చేతిని ముద్దాడుతూ లోపలికి పీల్చుకుంటుంటే, ఒంటి మీది వెంట్రుక ప్రతిదీ నిక్కబొడుచుకుంది. మాచన ఆ రోతను మింగి, మనసునంతా ఎడమచేతికి ఇచ్చాడు. తెడ్డు ఒక చుట్టు తిరిగింది. మరో చుట్టు. నడక కుదిరింది. జలగతల్లి లేచిన చుట్టను నెమ్మదిగా దించుకుంది.

అప్పుడు మాచన కుడిచేతిని వెనక్కి లాక్కోలేదు. ఇంకా లోపలికి తోశాడు. భుజం దాకా తోశాడు. జిగురు చంకలోకి కారింది. ఉడికిన గంజిలా వేళ్ళ మధ్య ఏదో జారింది. వేళ్ళ కొసలకు నేరేడుపండంత గట్టి వస్తువు తగిలింది. పట్టి, మెలిపెట్టి, ఊడబెరికాడు. జలగతల్లి నిట్టూర్చినట్టు అతని చేతిని వదిలేసింది. పాట ఆగలేదు, తెడ్డు ఆగలేదు.

"ఏమిట్రా ఆ గుప్పిట్లో?" జలూకనాథుడి గొంతు మారింది. ఒక్కొక్క అడుగే దగ్గరికి వస్తున్నాడు. "గుప్పిలి విప్పు. విప్పరా! నీ పళ్ళు తెల్లగా, బాగున్నాయి. నా మాలకు సరిపోతాయి." అంటూనే అతని కుడిచేతిలో పూసలు చకచకా తిరుగుతున్నాయి, కాలివేలు అడుగడుగుకూ తాళం తప్పకుండా వేస్తోంది.

మాచన ఆ పూసల వంక చూశాడు. ఎన్ని ఏళ్ళుగా తిప్పుతున్నాడో, ఆ చేతి వంక వాడు ఒక్కసారి కూడా చూడటం లేదు. ఎల్లసాని ఉంగరపు వేలు గుర్తుకొచ్చింది. మాట్లాడటానికి నోరు ఖాళీ లేదు. కానీ రాగానికి మాటలు ఏవైతేనేం? రాగం గొంతుకు వచ్చు, మాటలు తాను వెతుక్కుంటే చాలు. అదే వరసలో, అదే మెత్తని గొంతుతో ఎత్తుకున్నాడు.

"బొటనవేలే నెట్టుతాదా జోజో
నడిమివేలే లాగుతాదా జోజో
పన్ను వెనక పన్ను నడిచే తీరు
చెప్పి నిదరపోవె సామి జోజో"

జలూకనాథుడు ఆగాడు. "ఏం కూస్తున్నావురా? బొటనవేలే కదా..." అంటూ కిందికి చూశాడు.

బొటనవేలు పూసను నెట్టబోయింది. నడిమివేలు లాగబోయింది. రెండూ ఒకదానికొకటి అడ్డుపడ్డాయి. పూస కదల్లేదు. "కాదు, చూపుడువేలు..." అని గొణిగాడు. చూపుడువేలు కూడా మధ్యలో దూరింది. వేళ్ళను చూసే కంగారులో కాలివేలు తాళం తప్పింది. దాన్ని సరిచేయబోతే జపమాల చేజారింది. దారం తెగి, పళ్ళన్నీ నేల మీద నలుదిక్కులా దొర్లాయి.

కోట ఒక్క పెట్టున మూలిగింది.

గోడలు గోడలుగా కరిగాయి. పైకప్పు బురద వానై కురిసింది. జలూకనాథుడు మోకాళ్ళ మీద పడి పళ్ళను ఏరుకుంటున్నాడు. ఒకటి ఏరితే రెండు జారుతున్నాయి. కందకంలో అణిగి ఉన్న జలగలు నల్లని అలలా గడప దాటి వచ్చి అతని వీపు మీదికి ఎక్కాయి. అతను ఏదో మంత్రం అరిచాడు. నోరు తెరిచినప్పుడు అందులోకి వెళ్ళినవాటిని చూసి మాచన కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచేసరికి అక్కడ మాంత్రికుడు లేడు. బురదలో ఒక పెద్ద బుడగ ఉబ్బి పగిలింది.

"దోనె ఎక్కుతున్నా! పాట ఆపకు!" అని ఎల్లసాని అరిచింది. బురదకు తోడు చేత్తో అంబలి తీసి నెత్తి మీద నుంచి పాదాల దాకా పూసుకుంది. జలగతల్లికి ఆమె వాసన తెలియలేదు. మాచన కూడా తెడ్డు వదలకుండానే దోనెలోకి దిగాడు. కోట కరిగిన వరద దోనెను పైకి లేపింది. కూలిన గోడల మీదుగా, పగిలిన ద్వారం మీదుగా దోనె పడవలా బయటికి కొట్టుకుపోయింది.

సరస్సు నిండా జలగలే. మీగడ చీల్చుకుని వేలకు వేలు లేచి తలలు ఊపుతున్నాయి. కానీ దోనె దగ్గరికి ఒక్కటీ రాలేదు. తల్లి ఉన్నచోటికి పిల్లలు రావు. లోకంలో తమకు ఇప్పుడు సురక్షితమైన చోటు ఈ రాకాసి పక్కనే అని మాచనకు అర్థమైంది. ఆ రోత అంబలిలో నడుము దాకా దిగబడి, ఎడమచేత్తో తెడ్డు తిప్పుతూ, కుడి గుప్పిట్లో మణి బిగించి జోల పాడుతున్నాడు. ఎల్లసాని ఉన్న ఒక్క చేత్తో విరిగిన దూలం పట్టుకుని దోనెను నెడుతోంది.

పొద్దు వాలుతుండగా తుంగ పలచబడింది. బురద పోయి నీరు వచ్చింది. సరస్సు నదిలో కలిసే మొగ! ఎల్లసాని ఆనందంతో కేక వేసింది. నది మీద హేలాపురి నావలు బారులు తీరి ఉన్నాయి. మాచనను వెతకడానికి సేనాని గజాంకుడు స్వయంగా కదిలి వచ్చాడు.

దోనెలోని నల్లని కొండ అటు నావల మీదివాళ్ళకు కనిపించింది. పక్కనున్న మనుషులు కనిపించలేదు. అంబలి మెత్తుకుని ఉన్నవాళ్ళు మనుషుల్లా ఎలా కనిపిస్తారు? వెంటనే యుద్ధభేరి మోగింది. ధన్ ధన్, ధన్ ధన్. రెండు దెబ్బల నడక. ఆ నడక మాచన గుండెల్లో దూరి, జోలను పక్కకు లాగింది. తెడ్డు తుళ్ళింది.

"ఆపండ్రా! మీ నాయకుడు ఉన్నాడు ఇక్కడ! భేరి ఆపండి!" అని ఎల్లసాని గొంతు చించుకుంది. భేరీల హోరులో ఆమె మాట నాలుగు బారలు కూడా పోలేదు. నావల మీద విలుకాళ్ళు బాణాల కొసలకు నిప్పు అంటించుకుంటున్నారు.

జలగతల్లి నోరు తెరిచింది.

మణి ఊడాక తెరవడం ఇదే మొదటిసారి. కొవ్వు గంప కోటతోనే పోయింది. ఎడమచెయ్యి తెడ్డు వదలకూడదు. కుడిచెయ్యి ఇవ్వాలంటే గుప్పిలి విప్పాలి. విప్పితే మణి ఈ అంబలి అడుగుకు పోతుంది. ఎల్లసాని చెయ్యి దూలం మీద ఉంది. ఖాళీగా ఉన్నది ఒక్కటే చోటు.

మాచన గుప్పిలి తెరిచి మణిని చూశాడు. నీలం మీద జిగురు ఇంకా తీగలు సాగుతోంది. ఆ జిగురులో నల్లని నెత్తురు గడ్డ ఒకటి అంటుకుని ఉంది, అందులో వెంట్రుకంత సన్నని పిల్ల జలగ ఒకటి మెసులుతోంది. దాన్ని గోటితో చిమ్మేశాడు. నెత్తురు గడ్డ పోలేదు. జోల చరణం ముగిసి మరో చరణం మొదలయ్యే సందులో, మణిని దవడలో పెట్టుకున్నాడు.

పాట ఆగలేదు. కాస్త ముద్దముద్దగా సాగిందంతే. ఖాళీ అయిన కుడిచేతిని అతను ఆ మూడు రంపాల మధ్యకు చాచాడు. నావల మీది నుంచి మొదటి నిప్పుబాణం ఆకాశంలోకి లేచింది.